ఫార్మసీ స్కూలుకు ముందు కమ్యూనిటీ కాలేజీ: పేరు కంటే వరసే ముఖ్యం

అమెరికాలో ఫార్మసిస్ట్ కావడానికి చదవాల్సిన డాక్టరేట్ డిగ్రీ ఫార్మ్‌డీకి అప్లై చేద్దామనుకునే వాళ్ళను ఏదో ఒక రోజు పట్టుకునే అనుమానం ఇది: ముందుగా చదవాల్సిన కెమిస్ట్రీ, బయాలజీ కోర్సులు తక్కువ ఫీజుతో నడిచే రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో చేస్తే ఫార్మసీ స్కూళ్ళు చిన్నచూపు చూస్తాయా? చాలావరకు చూడవు. మెడికల్ స్కూళ్ళ గురించి విన్న భయాలను తెచ్చి ఫార్మసీకి అంటగట్టడంతో ఈ టెన్షన్ మొదలవుతుంది గానీ రెండిటి సంగతీ వేరు. చాలా ఫార్మ్‌డీ ప్రోగ్రాములు అసలు బ్యాచిలర్స్ డిగ్రీనే అడగవు. కనీసం రెండేళ్ళ కాలేజీ చదువు, అందులో తాము చెప్పిన కోర్సులు ఉంటే చాలంటాయి. ముందుగా చేయాల్సిన ఆ ప్రీరిక్విజిట్లన్నీ కలిపి స్కూలును బట్టి సుమారు 60 నుంచి 90 క్రెడిట్ల (కోర్సు పరిమాణాన్ని కొలిచే యూనిట్లు) దాకా వస్తాయి. రెండేళ్ళ చదువు చాలని రాసిపెట్టిన స్కూలు, రెండేళ్ళ కాలేజీల నుంచి వచ్చేవాళ్ళు వద్దంటే దాని సీట్లు ఎలా నిండుతాయి? కాబట్టి కాలేజీ పేరు చూసి తిరగ్గొట్టడం అరుదు. అసలు దెబ్బ తగిలేది వేరేచోట్ల: పేరు ఒకేలా ఉన్న తప్పు కోర్సు తీసుకున్నప్పుడు, వరసగా చేయాల్సిన కోర్సుల సీక్వెన్స్‌ను సగం ఇక్కడా సగం అక్కడా చేసినప్పుడు, వరస తప్పి ఏడాది చేజారినప్పుడు.

స్కూలు స్కూలుకూ జాబితా మారినా మూలం ఒకటే. ల్యాబ్‌తో కూడిన జనరల్ కెమిస్ట్రీ రెండు భాగాలు, ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండు భాగాలు, జనరల్ బయాలజీ, మైక్రోబయాలజీ, అనాటమీ అండ్ ఫిజియాలజీ, కాల్కులస్, స్టాటిస్టిక్స్, కొన్నిచోట్ల ఫిజిక్స్, ఇంగ్లిష్ కంపోజిషన్, పబ్లిక్ స్పీకింగ్, ఒకటో రెండో సోషల్ సైన్స్ కోర్సులు. కొన్ని స్కూళ్ళకు బయోకెమిస్ట్రీ కూడా కావాలి. వీటిలో ఇంగ్లిష్, స్పీచ్, ఎకనామిక్స్ లాంటివి ఎప్పుడు వీలైతే అప్పుడు చేసుకోవచ్చు. వాటి గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. కాకపోతే ఆన్‌లైన్ స్పీచ్ క్లాసు కదా, ఇంట్లో కూర్చుని కెమెరాకు చెప్పేస్తే సరిపోతుందనుకుని చేరితే, ఎదురుగా నలుగురు పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకుని వీడియో తీసి పంపమనే కాలేజీలు చాలానే ఉన్నాయి.

మొత్తం ప్లాన్‌ను నడిపించేది కెమిస్ట్రీ. జనరల్ కెమిస్ట్రీ మొదటి భాగం పాసైతేనే రెండోది, అది అయితేనే ఆర్గానిక్ మొదటిది, ఆ తర్వాతే ఆర్గానిక్ రెండోది, బయోకెమిస్ట్రీ కావాలంటే దాని తర్వాతే. అంటే నాలుగైదు టర్ములు ఒకదాని వెనక ఒకటి నడవాలి. ఎంత తెలివిగలవాళ్ళైనా రెండిటిని ఒకేసారి లాగించడానికి ఉండదు. దీనికి ముందు, చేరేటప్పుడు స్థాయి చూసే ప్లేస్‌మెంట్‌లో మ్యాథ్స్ సరిపోక కాలేజ్ ఆల్జీబ్రా నుంచి మొదలెట్టాల్సి వస్తే ఇంకో టర్ము కలుపుకోవాలి. చిన్న కమ్యూనిటీ కాలేజీల్లో ఇంకో చిక్కుంది. ఆర్గానిక్ రెండో భాగం ఏడాదికి ఒక్కసారే, ఎక్కువగా స్ప్రింగ్‌లో మాత్రమే పెడతారు. చేరినవాళ్ళు తక్కువైతే క్లాసు మొదలవడానికి ఒకటి రెండు వారాల ముందు ఆ సెక్షన్ రద్దు చేసేస్తారు. ఆ ఒక్క సెక్షన్ పోయిందంటే, పక్క ఊరి కాలేజీలో సీటు దొరక్కపోతే, ఫార్మసీ స్కూల్లో చేరడం మరుసటి ఏడాదికి వెళ్ళిపోతుంది. అందుకే కాలేజీని ఎంచుకునేటప్పుడు దాని క్యాటలాగ్‌లో కోర్సు ఉందా అని చూస్తే సరిపోదు, గత రెండేళ్ళ టర్ము షెడ్యూళ్ళు తెరిచి ఆ కోర్సు నిజంగా ఏ టర్ములో నడిచిందో చూడాలి. క్యాటలాగ్‌లో ఉండి ఏళ్ళ తరబడి నడవని కోర్సులు ప్రతి కాలేజీలోనూ ఉంటాయి.

సీట్ల సంగతి మరీ ఇబ్బంది. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ క్లాసులకు ఫార్మసీ వాళ్ళకంటే నర్సింగ్ ప్రోగ్రాముకు సిద్ధమయ్యేవాళ్ళ తాకిడి చాలా ఎక్కువ. ల్యాబ్ సెక్షన్‌కు పట్టేది ఇరవై, పాతిక మంది. రిజిస్ట్రేషన్ తేదీలు పూర్తయిన క్రెడిట్లను బట్టి ఇస్తారు కాబట్టి కొత్తగా చేరినవాళ్ళ వంతు చివర్లో వస్తుంది, అప్పటికి సెక్షన్లన్నీ నిండిపోయి వెయిట్‌లిస్ట్ మాత్రమే కనిపిస్తుంది. వెయిట్‌లిస్ట్‌లో ఉన్నామని ఇంట్లో కూర్చోకూడదు. మొదటి రోజు క్లాసుకు, మొదటి ల్యాబుకు వెళ్ళి కూర్చోవాలి, ఎందుకంటే రానివాళ్ళను ఇన్‌స్ట్రక్టర్లు ఆ రోజే తీసేసి ఎదురుగా ఉన్నవాళ్ళను చేర్చుకోవడం చాలాచోట్ల పద్ధతి. ఇలాంటివి ఏ బ్రోచర్‌లోనూ ఉండవు.

ఎక్కువమంది పప్పులో కాలేసేది కోర్సు పేరు దగ్గర. కమ్యూనిటీ కాలేజీల్లో కెమిస్ట్రీ రెండు మూడు రకాలుగా దొరుకుతుంది. నర్సింగ్, డెంటల్ హైజీన్ వాళ్ళ కోసం జనరల్, ఆర్గానిక్, బయోకెమిస్ట్రీలను పైపైన కలిపి ఒకే టర్ములో చెప్పే కోర్సు ఒకటి ఉంటుంది. దాని పేరులో హెల్త్ సైన్సెస్ అని ఉండేసరికి ఫార్మసీకి ఇదే కదా అనిపిస్తుంది. పనికిరాదు. సైన్స్ మేజర్ల కోసం నడిపే సీక్వెన్సే కావాలి. బిజినెస్ వాళ్ళకు చెప్పే కాల్కులస్‌ను కూడా కొన్ని స్కూళ్ళు ఒప్పుకోవు. అనాటమీ, ఫిజియాలజీలది మరో తంటా: కొన్ని కాలేజీల్లో రెండూ కలిపి మొదటి భాగం, రెండో భాగం అని నడుస్తాయి, కొన్నిచోట్ల అనాటమీ ఒక టర్ము, ఫిజియాలజీ ఒక టర్ము. కలిపి చెప్పే కాలేజీలో మొదటి భాగం చేసి, విడివిడిగా చెప్పే కాలేజీకి మారి ఫిజియాలజీ చేశారనుకోండి, ఎముకలూ కండరాలూ నరాలూ ఒకటికి రెండుసార్లు చదివి కూడా గుండె, కిడ్నీల అనాటమీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎక్కడా లేకుండా పోతుంది. ఫార్మసీ స్కూలు దాన్ని సగం సీక్వెన్స్‌గానే లెక్కేస్తుంది.

క్వార్టర్, సెమిస్టర్ లెక్క ఎలా ముంచుతుందో చూడాలంటే మనవాళ్ళు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా బే ఏరియానే చూడొచ్చు. కుపర్టినోలోని డి ఆంజా కాలేజీ ఏడాదిని మూడు చిన్న టర్ములుగా చేసే క్వార్టర్ పద్ధతిలో నడుస్తుంది, అక్కడికి కాస్త దూరంలో ఫ్రీమాంట్‌లో ఉన్న ఓలోనీ కాలేజీ ఏడాదికి రెండు పెద్ద టర్ములుండే సెమిస్టర్ పద్ధతిలో. డి ఆంజాలో జనరల్ కెమిస్ట్రీ 1ఏ, 1బీ, 1సీ అని మూడు ముక్కలు. మూడూ కలిస్తేనే సెమిస్టర్ కాలేజీలోని రెండు భాగాలకు సమానం. ఒక్కోటి 5 క్వార్టర్ యూనిట్లు. అవి ఫార్మసీ అప్లికేషన్లో మూడింట రెండు వంతులుగా మారతాయి. రెండు ముక్కలు చేసి ఆపేస్తే 10 యూనిట్లు కదా, బోలెడు అనిపిస్తుంది గానీ సెమిస్టర్ లెక్కలో అది 6.67 మాత్రమే. 8 క్రెడిట్లు అడిగే స్కూలు దగ్గర అది నిలవదు. పైగా 1సీలో చెప్పాల్సిన పాఠాలు అసలు చదవనట్టే లెక్క. ఉద్యోగం మారో, ఇల్లు మారో మధ్యలో సెమిస్టర్ కాలేజీకి వెళ్తే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో అక్కడి కౌన్సెలర్‌కు కూడా వెంటనే తేలదు. సాధారణంగా రెండో భాగం మొత్తం మళ్ళీ చదవమంటారు. ఆర్గానిక్ 12ఏ, 12బీ, 12సీ విషయంలోనూ ఇదే కథ. మొదలుపెట్టిన సీక్వెన్స్‌ను అదే కాలేజీలో పూర్తి చేయడం అన్నిటికంటే తక్కువ ఖర్చుతో పోయే పని.

ఏ కోర్సు దేనికి సమానమో చూసుకోవడానికి రాష్ట్రాన్ని బట్టి సాధనాలున్నాయి. కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే వెబ్‌సైట్ కమ్యూనిటీ కాలేజీ కోర్సులను పబ్లిక్ యూనివర్సిటీల కోర్సులతో జతచేసి చూపిస్తుంది. టెక్సస్‌లో పబ్లిక్ కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ ఒకే నంబర్ల పద్ధతి ఉంది కాబట్టి పని కాస్త తేలిక: జనరల్ కెమిస్ట్రీ అంటే కెమ్ 1411, 1412, ఆర్గానిక్ అంటే 2423, 2425, అనాటమీ ఫిజియాలజీ అంటే బయాల్ 2401, 2402. డాలస్‌లో చదివినా, హ్యూస్టన్‌లో చదివినా అదే నంబరు. నంబరులో రెండో అంకె క్రెడిట్లు, అంటే 1411లో 4 క్రెడిట్లని చూడగానే తెలిసిపోతుంది. ఫ్లోరిడా, వాషింగ్టన్ రాష్ట్రాల్లోనూ ఇలాంటి ఉమ్మడి నంబర్లున్నాయి. ఇవన్నీ ఆ రాష్ట్రం లోపల బాగానే పనిచేస్తాయి. న్యూజెర్సీలో చదివి జార్జియా స్కూలుకు అప్లై చేసేవాళ్ళకు మాత్రం ఆ స్కూలు అడ్మిషన్ల ఆఫీసు చెప్పిందే లెక్క.

కమ్యూనిటీ కాలేజీ అసలు ఇవ్వలేనివి కూడా కొన్ని ఉన్నాయని గుర్తుంచుకోవాలి. అవి చెప్పేది చాలావరకు మొదటి రెండేళ్ళ చదువే. కాబట్టి బయోకెమిస్ట్రీ, ఇమ్యునాలజీ, సెల్ బయాలజీ లాంటివి మూడు, నాలుగేళ్ళ స్థాయిలో కావాలనే స్కూలుకు అప్లై చేస్తే ఆ ఒకటి రెండు కోర్సుల కోసం యూనివర్సిటీకి వెళ్ళక తప్పదు. కొన్ని యూనివర్సిటీల్లో ఆర్గానిక్ కూడా మూడో ఏడాది కోర్సుగానే లెక్క, అదే పాఠం కమ్యూనిటీ కాలేజీలో రెండో ఏడాది నంబరుతో నడుస్తుంది. పాఠం ఒకటే అయినా నంబరు దగ్గర పేచీ పెట్టే స్కూళ్ళు లేకపోలేదు. వీటిని ముందే మెయిల్ రాసి తేల్చుకోవాలి.

ఇక అప్లికేషన్. దాదాపు అన్ని స్కూళ్ళూ వాడే ఉమ్మడి అప్లికేషన్ ఫార్మ్‌క్యాస్. అందులో అమెరికాలో చదివిన ప్రతి కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ పెట్టాలి, ఒక్క కోర్సు చేసి వదిలేసిన కాలేజీ అయినా సరే. కమ్యూనిటీ కాలేజీలో సీ గ్రేడు వచ్చిన కోర్సును మళ్ళీ చదివి ‘ఏ’ గ్రేడు తెచ్చుకుంటే ఆ కాలేజీ పాతదాన్ని జీపీఏ (గ్రేడ్ల సగటు) నుంచి తీసేసి కొత్తదే లెక్కలోకి తీసుకోవచ్చు, దాంతో ట్రాన్‌స్క్రిప్ట్‌లో జీపీఏ కళకళలాడిపోతుంది. ఫార్మ్‌క్యాస్ ఆ క్షమాభిక్షను ఒప్పుకోదు, రెండు గ్రేడ్లూ కలిపే జీపీఏ కడుతుంది. కాలేజీ జీపీఏ 3.6 చూసి ధీమాగా అప్లై చేసినవాళ్ళకు అక్కడ అంతకంటే తక్కువ కనిపించి గుండెలో రాయి పడేది ఇందుకే. మళ్ళీ చదవడం దండగని దీనర్థం కాదు, చాలా స్కూళ్ళు ప్రీరిక్విజిట్‌లో సీకి తగ్గితే ఒప్పుకోవు కాబట్టి సీ మైనస్ వచ్చినవాళ్ళకు వేరే దారి లేదు. టర్ము మొదట్లోనే పరిస్థితి అర్థమైతే గడువులోపు విత్‌డ్రా చేసుకోవడం మేలు. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఒక డబ్ల్యూ పడుతుంది గానీ జీపీఏ కదలదు. డబ్ల్యూలు వరసగా నాలుగైదు పడితే మాత్రం వాటికీ జవాబు చెప్పుకోవాలి.

ఇక్కడే మన పిల్లల తల్లిదండ్రులు గమనించాల్సిన విషయం ఒకటుంది. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో హైస్కూల్లో ఉండగానే డ్యూయల్ క్రెడిట్ కింద కమ్యూనిటీ కాలేజీ కోర్సులు చేయించడం తెలుగు ఇళ్ళలో మామూలైపోయింది, పక్కింటి పిల్ల 30 క్రెడిట్లతో గ్రాడ్యుయేట్ అయిందంటే మనమెందుకు వెనకబడాలి అని. పదహారేళ్ళ వయసులో, స్కూల్లో నాలుగు ఏపీ (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి) క్లాసుల మధ్య తీసుకున్న ఆ కోర్సులో సీ వస్తే అది కాలేజీ గ్రేడే. అయిదేళ్ళ తర్వాత ఫార్మ్‌క్యాస్‌లో మిగతా వాటితో కలిసి లెక్కలోకొస్తుంది. ఏపీ పరీక్షలో తక్కువ స్కోరు వస్తే చూపించకుండా ఊరుకోవచ్చు, డ్యూయల్ క్రెడిట్‌కు ఆ వెసులుబాటు లేదు. సైన్స్ కోర్సులను ఆ వయసులో హడావుడిగా ముగించడం అంత తెలివైన పని కాదనిపిస్తుంది.

అడ్మిషన్ కమిటీలు నిజంగా దేన్ని చదువుతాయంటే గ్రేడ్ల వెనక ఉన్న నడవడిని. రెండు ట్రాన్‌స్క్రిప్టులు ఊహించుకోండి. ఒకదాంట్లో టర్ముకు ఒక్క సైన్స్ కోర్సు, అన్నిటిలో ‘ఏ’ గ్రేడు. ఇంకోదాంట్లో ఆర్గానిక్, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ ఒకే టర్ములో 12 క్రెడిట్లు, ‘ఏ’లు, బీ ప్లస్‌లు. రెండోదానివైపు మొగ్గేవాళ్ళు ఎక్కువ. ఎందుకంటే ఫార్మసీ స్కూల్లో మొదటి సెమిస్టర్‌లోనే 16 నుంచి 18 క్రెడిట్ల బరువు ఒకేసారి మీద పడుతుంది, టర్ముకు ఒకటి చొప్పున చేసినవాళ్ళు దాన్ని మోయగలరా లేదా అన్నదానికి ఆ ట్రాన్‌స్క్రిప్ట్ జవాబు చెప్పదు. ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ చదివినవాళ్ళ సంగతి వేరు, కానీ ఆ మాట అప్లికేషన్లో రాస్తేనే కదా వాళ్ళకు తెలిసేది. ఒక్క టర్ములోనైనా బరువైన లోడ్ తీసుకుని నెగ్గుకొచ్చినట్టు చూపిస్తే చాలా అనుమానాలు తీరిపోతాయి.

అనుమానం నిజంగా వచ్చేది ఇంకో రకం ట్రాన్‌స్క్రిప్ట్ చూస్తే. నాలుగేళ్ళ యూనివర్సిటీలో చదువుతూ, అక్కడ ఆర్గానిక్ మొదటి భాగంలో సీ తెచ్చుకుని, రెండోదాన్ని సమ్మర్‌లో కమ్యూనిటీ కాలేజీకి పట్టుకెళ్ళి ‘ఏ’ తెచ్చుకోవడం. కష్టమైనవన్నీ అక్కడ, తేలికైనవన్నీ ఇక్కడ అన్నట్టు కనిపిస్తే ఇంటర్వ్యూలో అడుగుతారు. ఫీజు, పని వేళలు, సెక్షన్ దొరకకపోవడం, ఏది నిజమైతే అది చెప్పడమే దీనికి మందు. మొదటి నుంచీ కమ్యూనిటీ కాలేజీలోనే చదివినవాళ్ళకు ఈ ప్రశ్న ఎదురుకాదు.

మరి చదువు నిజంగా తేలికగా ఉంటుందా అంటే, కాలేజీని బట్టి, అంతకంటే ఇన్‌స్ట్రక్టర్‌ను బట్టి. పెద్ద యూనివర్సిటీలో మూడొందల మంది హాల్లో ఆర్గానిక్ చెప్పే ప్రొఫెసర్‌కు రీసెర్చ్ ముందు, పాఠం తర్వాత. ల్యాబ్ నడిపేది గ్రాడ్యుయేట్ విద్యార్థులు. కమ్యూనిటీ కాలేజీలో పాఠం చెప్పే మనిషే ల్యాబులోనూ పక్కన నిలబడి, రీక్రిస్టలైజేషన్‌లో సాల్వెంట్ ఎక్కువ పోసేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపుతారు. అదే సమయంలో కొన్ని కాలేజీల్లో రియాక్షన్ మెకానిజమ్‌లను పైపైన ముగించి, పరీక్షను ఫ్లాష్‌కార్డుల స్థాయికి దించేసేవాళ్ళూ ఉన్నారు. అలాంటి క్లాసులో వచ్చిన ‘ఏ’ గ్రేడు అడ్మిషన్‌ దాకా బాగానే పనిచేస్తుంది, అసలు ఖరీదు మెడిసినల్ కెమిస్ట్రీలో తెలిసొస్తుంది. పెనిసిలిన్ లాంటి మందుల్లోని బీటా లాక్టమ్ రింగ్ ఎందుకు అంత సులువుగా తెరుచుకుంటుంది, ఒక మందుకు ఆమ్లగుణాన్ని కొలిచే పీకేఏ మారితే పేగులో పీల్చుకోవడం ఎందుకు మారుతుంది లాంటివి అక్కడ మళ్ళీ మొదటి నుంచి చెప్పరు. అమెరికన్ కెమికల్ సొసైటీ తయారుచేసే ఆర్గానిక్ పరీక్షను ఫైనల్‌గా పెట్టే కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. సిలబస్‌లో ఆ మాట కనిపిస్తే ఆ క్లాసును నమ్మొచ్చు. ఫార్మసీ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష పీక్యాట్ ఉన్న రోజుల్లో కమ్యూనిటీ కాలేజీ గ్రేడుకు ఆ స్కోరు సాక్ష్యంగా నిలిచేది. 2024 జనవరితో ఆ పరీక్ష ఆగిపోయింది. ఇప్పుడు గ్రేడ్లు, ఇంటర్వ్యూ, సిఫార్సు లేఖలే మాట్లాడాలి, చిన్న క్లాసులో పేరు పెట్టి పిలిచే ఇన్‌స్ట్రక్టర్ రాసిన లేఖకు అందుకే విలువ పెరిగింది.

తెలుగువాళ్ళలో ఈ దారి పట్టేవాళ్ళలో పెద్ద భాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీఫార్మసీ చేసి పెళ్ళితోనో, ఎమ్మెస్‌తోనో అమెరికా వచ్చినవాళ్ళు. నాలుగేళ్ళు ఫార్మసీయే చదివాం, మళ్ళీ ఈ జనరల్ కెమిస్ట్రీ ఏమిటి అని వాళ్ళకు ఒళ్ళు మండడం న్యాయమే. చిక్కంతా అక్కడి ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం ఎన్‌ఏబీపీ పెట్టిన నిబంధనలో ఉంది. విదేశీ ఫార్మసీ గ్రాడ్యుయేట్లు తమ కోసం పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్ష రాసి లైసెన్సు వైపు వెళ్ళాలంటే, 2003 జనవరి 1 తర్వాత డిగ్రీ పొందినవాళ్ళకు కనీసం అయిదేళ్ళ ఫార్మసీ కోర్సు ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్ళే. పైన ఎంఫార్మసీ చేశామంటే ఆ రెండేళ్ళను దీనికి కలపరు. 2003కు ముందు పాసైనవాళ్ళకు నాలుగేళ్ళది చెల్లుతుంది. 2008లో మన దేశంలో మొదలైన ఆరేళ్ళ ఫార్మ్‌డీ చేసినవాళ్ళకూ ఆ తలుపు తెరిచే ఉంది. మిగిలిన బీఫార్మసీ వాళ్ళకు ఫార్మసిస్ట్ కావాలంటే అమెరికాలో ఫార్మ్‌డీ చేయడమే దారి, దానికి ముందు ప్రీరిక్విజిట్లు.

ఇండియా ట్రాన్‌స్క్రిప్ట్‌ను కోర్సులవారీగా ఎవాల్యుయేట్ చేయించి పెడితే కొన్ని స్కూళ్ళు కొన్ని కోర్సులు ఒప్పుకుంటాయి, కొన్ని మాత్రం సైన్స్ ప్రీరిక్విజిట్లు అమెరికా కాలేజీలోనే కావాలంటాయి. ఒప్పుకునే స్కూళ్ళ దగ్గర కూడా ఖాళీలు ఎక్కడ తేలతాయో మన ఇంటర్మీడియట్ గ్రూపును బట్టి ఊహించొచ్చు. ఎంపీసీ నుంచి బీఫార్మసీకి వచ్చినవాళ్ళు మొదటి సెమిస్టర్‌లో రెమెడియల్ బయాలజీ, బైపీసీ నుంచి వచ్చినవాళ్ళు రెమెడియల్ మ్యాథమెటిక్స్ చదువుతారు. అమెరికా స్కూలు దృష్టిలో ఎంపీసీ వాళ్ళకు రెండు టర్ముల జనరల్ బయాలజీ ఉండదు, బైపీసీ వాళ్ళకు కాల్కులస్ ఉండదు. ఆర్గానిక్, అనాటమీ ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, బయోస్టాటిస్టిక్స్ అయితే సిలబస్‌లో బాగానే ఉన్నాయి కాబట్టి వాటి మీద వాదించే అవకాశం ఉంది. ఇంగ్లిష్ కంపోజిషన్, స్పీచ్ మాత్రం దాదాపు ఎవరికీ తప్పవు. ఆ రెండూ, లేని సైన్స్ ఒకటో రెండో కమ్యూనిటీ కాలేజీలో చేస్తే వాదనకు బలం కూడా వస్తుంది, అమెరికా గ్రేడ్లుగా కమిటీ ముందు కనిపించేవి అవే. వాటిలో బీలు తెచ్చుకునే పరిస్థితి రానీయకూడదు.

వీసా సంగతి చూస్తే, హెచ్-1బీ ఉద్యోగుల భార్యకో భర్తకో వచ్చే హెచ్-4 మీద ఉన్నవాళ్ళు స్టేటస్ మార్చుకోకుండానే చదవొచ్చు, ఫుల్‌టైమ్ అయినా ఒక్క కోర్సైనా. జీతానికి ఫార్మసీ టెక్నీషియన్‌గానో ఇంటర్న్‌గానో చేయాలంటే మాత్రం వర్క్ పర్మిట్ కావాలి. విద్యార్థి వీసా ఎఫ్-1 అయితే టర్ముకు 12 క్రెడిట్లు తప్పనిసరి, అందులో ఒక్క ఆన్‌లైన్ క్లాసు మాత్రమే లెక్కలోకి వస్తుంది, కాబట్టి కావలసిన రెండు కోర్సులే చేసుకుంటానంటే కుదరదు. ఫీజు తేడా చాలా ఎక్కువ. కాలిఫోర్నియాలో రెసిడెంట్లకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లు, 5 సెమిస్టర్ యూనిట్ల కెమిస్ట్రీ 230 డాలర్లకు అయిపోతుంది. అదే కోర్సుకు నాన్‌రెసిడెంట్లు చాలా రెట్లు కట్టాలి. ఎఫ్-1 వాళ్ళు నాన్‌రెసిడెంట్ల కిందే వస్తారు, హెచ్-4 వాళ్ళు ఆ రాష్ట్రంలో ఏడాది నివాసం చూపిస్తే రెసిడెంట్ ఫీజుకు అర్హులు కావచ్చు. టెక్సస్‌లో జిల్లా లోపల, జిల్లా బయట, రాష్ట్రం బయట అని మూడు రేట్లు, ఇల్లు రోడ్డుకు అటా ఇటా అన్నదాన్ని బట్టి ఫీజు మారిపోతుంది. గ్రీన్‌కార్డు వచ్చింది కదా, ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం పెల్ గ్రాంట్ వస్తుందనుకునే బీఫార్మసీ వాళ్ళకు నిరాశే: బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్నవాళ్ళకు, అది ఏ దేశానిదైనా, పెల్ ఇవ్వరు.

కాలం చెల్లే తేదీలు కూడా ఉన్నాయి. సైన్స్ కోర్సులు అయిదేళ్ళలోపువో, పదేళ్ళలోపువో అయి ఉండాలని చాలా స్కూళ్ళు రాస్తాయి. పిల్లలు పుట్టకముందు చేసిన కెమిస్ట్రీని నమ్ముకుని, వాళ్ళు స్కూలుకు వెళ్ళడం మొదలయ్యాక అప్లై చేసేవాళ్ళు మొదట చూడాల్సింది ఇదే. కొవిడ్ సమయంలో ఒప్పుకున్న ఆన్‌లైన్ ల్యాబులను తర్వాత కొన్ని స్కూళ్ళు మానేశాయి, కొన్ని కొనసాగిస్తున్నాయి. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆన్‌లైన్ అని రాయరు కాబట్టి ఎవరికీ తెలియదులే అనే సలహా వినొద్దు. సెక్షన్ వివరాలు అడిగి తెప్పించుకునే స్కూళ్ళున్నాయి.

సీటు రావడం ఒకప్పటి కంటే తేలికైంది కాబట్టి ఇంత లెక్క చూసుకోవాలా అనొచ్చు. 2000 ప్రాంతంలో 80 దాకా ఉన్న ఫార్మసీ స్కూళ్ళు ఇప్పుడు 140 దాకా ఉన్నాయి, అప్లై చేసేవాళ్ళు మాత్రం గత దశాబ్దంలో బాగా తగ్గారు. స్కూళ్ళు తలుపులు బార్లా తీశాయి. కానీ లైసెన్సు పరీక్ష నాప్లెక్స్ మొదటిసారి రాసి పాసయ్యేవాళ్ళు 2014లో 95 శాతం దాకా ఉంటే, ఈమధ్య సంవత్సరాల్లో 80 శాతానికి అటూ ఇటూగా ఉన్నారు. ఫార్మ్‌డీ అప్పు లక్షన్నర డాలర్లు దాటడం మామూలే. 230 డాలర్ల కోర్సులో ఆర్గానిక్ సరిగ్గా రాలేదని తెలిస్తే పోయేది ఒక టర్ము. ఆ సంగతి ఫార్మసీ స్కూలు రెండో ఏడాదిలో తెలిస్తే అప్పు అలాగే ఉంటుంది, చేతిలో డిగ్రీ ఉండదు. బ్యాచిలర్స్ లేకుండా నేరుగా వెళ్ళినవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం, వెనక్కి వస్తే చూపించుకోవడానికి ఇంకే డిగ్రీ ఉండదు. వయసు తక్కువగా ఉండి, ఇంట్లో ఆర్థిక స్తోమత ఉంటే కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫరై బ్యాచిలర్స్ కూడా పూర్తిచేయడం మేలైన దారి.

పని మొదలెట్టేటప్పుడు అప్లై చేయాలనుకునే అయిదారు స్కూళ్ళ జాబితాలు పక్కపక్కన పెట్టుకుని అన్నిటికంటే గట్టిగా అడిగేదాన్ని బట్టి కోర్సులు ఎంచుకోవాలి. ఒకటే స్కూలును చూసి చేస్తే మిగతా వాటి దగ్గర ఏదో ఒకటి తగ్గుతుంది. ఏ అనుమానమొచ్చినా ఫోన్లో అడగడం కంటే మెయిల్ నయం. కోర్సు నంబరు, కాలేజీ పేరు రాసి ఒప్పుకుంటారా అని అడిగి, వచ్చిన జవాబు దాచుకోవాలి, ఏడాది తిరిగేసరికి ఆ కౌన్సెలర్ మారిపోయి ఉండొచ్చు. ప్రతి కోర్సు సిలబస్ కూడా దాచాలి, ఎందుకంటే కాలేజీ వెబ్‌సైట్ నుంచి పాత సిలబస్‌లు మాయమైపోతాయి. ఫార్మ్‌క్యాస్ ఏటా సమ్మర్‌లో తెరుచుకుంటుంది, అప్పటికి ప్రీరిక్విజిట్లన్నీ పూర్తి కానక్కర్లేదు, నడుస్తున్నవి, చేయబోయేవి కూడా చూపించొచ్చు. కాకపోతే సీటు షరతు మీద ఇస్తారు. చేరబోయే ఏడాది సమ్మర్ చివరికల్లా ఆఖరి కోర్సు గ్రేడు ట్రాన్‌స్క్రిప్ట్‌లో పడి స్కూలుకు చేరాలి. కాబట్టి ల్యాబ్ ఉన్న కోర్సును ఆ ఆఖరి సమ్మర్‌కు అట్టిపెట్టకుండా, ఎకనామిక్స్ లాంటిదేదో ఉంచుకుంటే మంచిది.